మాలు ఎవరు కలిపిండ్రు

ఇరవై ఆరేండ్లు ఓదెలు కట్టిన ప్రతి గోడకూ
మాలు కలిపింది నేనే.
గిలాబుకు ఒకటికి నాలుగు, గోడకు ఒకటికి ఆరు,
పారతోని మూడు తిప్పులు పొడిగ, మూడు తడిగ.
తాపీ మీదికి తీసుకోంగనే తెలిసిపొయ్యేది ఆయనకు:
"ఇయ్యాల మధునమ్మ కోపంల ఉన్నది,
నీళ్లెక్కువైనై."

ఇయ్యాల ఆయన ఎన్నుబొక్కల పోసే సిమెంటు
ఇంకెవరో కలుపుతున్నరు,
హన్మకొండల, మూడో అంతస్తుల,
ఎర్రబల్బు వెలిగే తలుపు ఎనుక.
నేను బయట ఇనుప కుర్చీల,
చేతులు ఎక్కడ పెట్టుకోవాల్నో తెలువక.

పోయిన ఎండకాలం పరకాల కాడ
తట్ట లేపిండు. ఉత్త తట్టనే.
ఆ చప్పుడు నేను విన్న,
కట్టె ఇరిగినట్టు కాదు
ఎండిన మట్టిపెళ్ల మడిమె కింద నలిగినట్టు.
నడుం పట్టిందని ఇటుకపెళ్లతో కాపినం,
ఆరెంపీ సూదులేసిండు,
ఎవరో తొక్కిచ్చుమన్నరు, తొక్కిచ్చినం గూడ.
ఆఖరికి ఎమ్జీఎంల ఫోటో తీస్తే
ఒక ఇటుక అణిగి
పై వరుసంతా దాని మీద కూసున్నది.
"మూలుగల క్యాన్సరమ్మా, లోపల్నించి తింటది" అన్నరు.
మా దిక్కు ఎముకనూ బొక్కే అంటం,
తూటునూ బొక్కే అంటం.
వెలుతురుకు పెట్టిన ఆ ఫోటోల
ఏది ఏ బొక్కో నాకు తెలువలే.

పొద్దున డాక్టర్ సారును అడిగిన:
"ఒకటికి ఎంత కలుపుతరు సారూ?"
నవ్విండు. ఇసుక లేదట, నీళ్లు లేవట,
ఒక పొడి, ఒక సీస మందు,
పది పదిహేను నిమిషాల్ల రాయి అయితదట.
"మరి నీళ్లు కొట్టుడు?"
"అక్కర్లేదమ్మా."
ఇరవై ఒక్క రోజులు తడి గోనెలు కప్పినోళ్లం,
నీళ్లు తాగని సిమెంటును ఎట్ల నమ్మాలె?

కుర్చీల కూసుంటే
ఆత్మకూరు తొవ్వల ఒక బడి ప్రహరీ యాదికొచ్చింది.
కంట్రాక్టరు చెప్పిండని ఒకటికి పది కలిపిన.
ఓదెలు తాపీతో తీసి మాలును చూసిండు,
నన్ను చూసిండు,
ఏమనలే. కట్టిండు.
ఆ గోడ ఇంకా నిలబడే ఉన్నది.
బస్సు ఆడికొస్తే ఇద్దరం
అవుతలి కిటికీల నుంచి చూస్తం.
లోపల కలిపే చేతికి ఎవరన్నా
ఏమన్నా చెప్పిండ్రా దేవుడా.

తర్వాత ఆయనే చెప్పిండు.
బోర్ల పండవెట్టిండ్రట, మెలకువ ఉన్నదట.
"సన్న సుత్తెతో కొట్టిండ్రే,
మనం సలాక దింపినట్టే, టక్ టక్.
గోళ్లరంగు వాసన.
పోసేటప్పుడు సారు కండ్లు టీవీ మీదనే,
నెర్రెల సిమెంటు పాలు పోసి
ఎక్కడ కారుతదోనని నువ్వు
గోడ అవుతలికి ఉరికేదానివి సూడు, అట్ల."

"ఇది రోగానికి కాదు, నొప్పికే" అన్నడు సారు.
"రోగానికి వేరే మందు నడుస్తనే ఉండాలె."
ఎరుకే సారూ అన్న.
పగులు పూసి, పునాది బాగైందని
మేము ఎవరికీ చెప్పలే.
చెప్పినం. ఒకరిద్దరికి చెప్పినం.

మాపటికి లేపి కూసోవెట్టిండ్రు.
ఎనుక పట్టీ ఉన్నది, చిన్నది,
గోడకు మొల కొట్టి తీసిన జాగంత.
దాని పక్కన బొటనవేలు ఆనిచ్చి మెల్లగ ఒత్తిన.
"ఏం జూస్తున్నవే?"
"ఆరిందా అని."

చాయ్ తెచ్చిన.
ఊదుకుంట ఊదుకుంట తాగిండు.
నాలుగు నెలల సంది అలవాటైన చెయ్యి
కప్పు కోసం చాపిన.
ఆయన నాకియ్యలే.
కొద్దిగ వంగి
మంచం కింద తనే పెట్టిండు.